తిరుగు కాలాపానీ

మా లాప్‌టాప్ గొంతు పోయింది. ఒక్కసారిగా పోలేదు. మొదట ఎడమ స్పీకర్ సన్నగా గరగరలాడింది. వారం తిరిగేసరికి బొంగురుపోయింది. ఆ పై వారం నుంచి అందులో ఎవరు మాట్లాడినా ఖాళీ డబ్బాలో కందిపప్పు పోసి ఆడించినట్టు వినబడసాగింది. ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం నుంచి అమ్మ వీడియో కాల్‌లోకి వచ్చింది.

"గొంతేమిటమ్మా అలా ఉంది? మిరియాల కషాయం తాగు," అన్నాను.

"నా గొంతుకేటయిందిరా? సుబ్బరంగా ఉంది. ఆ కషాయమేదో నీ పెట్టికే పట్టించు," అంది.

సముద్రానికి అవతల కూచుని మా అమ్మ ఒక్క మాటలో చెప్పేసిన రోగం పేరు చెప్పడానికి కంపెనీవారికి పదకొండు రోజులు పట్టింది. వైద్యం ఇప్పటికీ చేయలేదు.

మేముండేది అండమాన్ దీవుల్లో, పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్‌లో. తప్పు, శ్రీ విజయపురంలో. 2024 సెప్టెంబరు 13న ఢిల్లీ నుంచి ఒక ప్రకటన వచ్చింది, రాత్రి భోజనాల వేళకు మేమంతా కొత్త ఊళ్ళో ఉన్నాం. సామాన్లు కూడా సర్దుకోనక్కర్లేకపోయింది. ఒక నగరం పేరు మారడానికి ఒక్క పూట చాలింది. ఆ నగరంలో ఒక స్పీకర్ మారడానికి నలభై ఒక్క రోజులు కావలసి వచ్చింది. కంపెనీ ఫిర్యాదు ఫారంలో కొత్త పేరు కొడితే అలాంటి ఊరు లేదంది. పాత పేరు కొడితే ఊరుంది గానీ సర్వీసు లేదంది.

ఫోన్ చేశాను. తెలుగు కావాలంటే ఫలానా అంకె నొక్కమన్నారు. నొక్కాను. సంతోషమే. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో ఉన్న 3,80,581 మందిలో నూటికి పదమూడు మంది తెలుగు మాట్లాడేవాళ్ళం, ఆ మాత్రం గౌరవం దక్కాల్సిందే. తెలుగులో సేవ ఉంది. 'కుదరదు' అని చక్కటి తెలుగులో చెప్పే సేవ.

"సర్, మీ పిన్‌కోడ్ మా సర్వీసు పరిధిలో లేదు సర్."

"అమ్మేటప్పుడు ఉందిగా అమ్మాయ్?"

"అది సేల్స్ డిపార్ట్‌మెంట్ సర్. మేం సర్వీసు."

"సరే, దగ్గర్లో ఇంకెక్కడుంది?"

"మీకు సమీప సర్వీస్ సెంటర్ చెన్నై సర్."

సమీపం! మా ఇంటినుంచి చెన్నైకి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు నీళ్ళు. పటం మీద స్కేలు పెట్టి కొలుచుకోండి, చెన్నైకన్నా మాకు రంగూన్ దగ్గర. బ్యాంకాక్ కూడా దగ్గరే. ఆ లెక్కన నేను పాస్‌పోర్టు తీసుకుని థాయిలాండ్ వెళ్ళి స్పీకర్ వేయించుకురావడం తెలివైన పని. పండగ ఆఫర్లు పెట్టి అమ్ముకున్నంతసేపూ భారతదేశం మా దీవుల దక్షిణపు కొస ఇందిరా పాయింట్ దాకా ఉంటుంది. బాగుచెయ్యమనేసరికి మెరీనా బీచ్ ఇసుకలో ఆగిపోతుంది. దేశభక్తి కూడా వారంటీ ఉన్నంతవరకే కాబోలు. మా లాప్‌టాప్‌కి వారంటీ అయిపోయి రెండు నెలలైంది. స్పీకర్‌కి మాట రాకపోయినా క్యాలెండర్ చూడడం మాత్రం బాగా వచ్చు.

పదకొండో రోజున పై అధికారి లైన్లోకి వచ్చి తీర్పు చెప్పాడు. "స్పీకర్ విడిగా రాదు సర్. టాప్ అసెంబ్లీ మొత్తం మార్చాలి." అంటే కీబోర్డు, దాని కింద రేకు, టచ్‌ప్యాడ్, రెండు స్పీకర్లు, అన్నీ కలిపి ఒకే ముక్క. పద్నాలుగు వేల చిల్లర. పన్నులు అదనం. రానుపోను రవాణా మన నెత్తిన.

అసెంబ్లీ మారితే స్పీకర్ మారడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. స్పీకర్ నోరు పెగల్లేదని అసెంబ్లీనే మార్చెయ్యడం మాత్రం నేనిదే వినడం. గోరుతో పోయేదానికి గొడ్డలి తెమ్మనే సామెత మనకుంది. గొడ్డలి తప్ప గోరు అమ్మం అనే కంపెనీ వస్తుందని మాత్రం మన పెద్దలు ఊహించలేదు.

సరే, పంపుదామా? కొరియర్ కుర్రాడు పెట్టె చూడగానే తల అడ్డంగా ఊపాడు. లోపల బ్యాటరీ ఉంది, విమానంలో వెయ్యం, షిప్‌లోనే పోవాలి అన్నాడు. షిప్ ఎప్పుడు? సముద్రం ఒప్పుకున్నప్పుడు. మెయిన్‌లాండ్ చేరడానికి మూడు రోజులు. అక్కడ వరసలో ఎన్నాళ్ళు కూచుంటుందో వాళ్ళ దయ. తిరిగి రావడానికి ఇంకో షిప్, ఇంకో అల్పపీడనం.

అప్పుడు తట్టింది. మా ఊళ్ళోనే సెల్యులార్ జైలు ఉంది. 1906లో కట్టడం పూర్తయింది. ఒక ఖైదీ ముఖం ఇంకో ఖైదీకి కనబడకుండా ఏడు రెక్కలుగా కట్టారు. అప్పట్లో మనుషుల్ని ఇటు పంపితే కాలాపానీ. ఇప్పుడు మా వస్తువుల్ని అటు పంపితే కాలాపానీ. అదే సముద్రం, అదే శిక్ష, దిశ ఒక్కటే మారింది. ఆనాటి శిక్షకైనా ఒక గడువుండేది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాము మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అంటే కాలాపానీకి పోయిన మనిషి తిరిగొచ్చి సాక్షాత్తు స్పీకర్ ఎదుట కూచున్నాడు. స్పీకర్ కోసమే కాలాపానీకి పోయిన లాప్‌టాప్ తిరిగొచ్చిందన్న మాట మా వీధిలో ఎవరి నోటా నేను వినలేదు.

ఈ బాధలో ఒక వినోదం ఉంది, వినండి. 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్‌ను ప్రారంభించారు. 2,300 కిలోమీటర్ల తీగ. 1,224 కోట్ల రూపాయలు. అంతకుముందు మాకు ఇంటర్నెట్ ఆకాశంలోని ఉపగ్రహం నుంచి చుక్కలు చుక్కలుగా రాలేది. పిల్లలు పరీక్ష ఫలితం చూసుకోవడానికి బటన్ నొక్కి, స్నానం చేసి, టిఫిన్ తిని వచ్చి చూసుకునేవాళ్ళు. కేబుల్ వచ్చాక రోజులు మారాయి, అబద్ధమెందుకు. ఇప్పుడు శ్రీకాకుళంలో అమ్మ "ఏటిరా" అంటే, ఆ మాట చెన్నై చేరి, సముద్రం అడుగున వెలుగు చుక్కై పరిగెత్తి, సెకనులో వందో వంతు తిరక్కముందే బంగాళాఖాతం దాటేస్తుంది. దాటి, జంగ్లీఘాట్‌లో మా ఇంట్లోకొచ్చి, బల్ల మీదున్న పెట్టెలో కాలు పెట్టి, బొటనవేలంత స్పీకర్ దగ్గరికొచ్చి చస్తుంది. 1,224 కోట్లు ఒడ్డు చేర్చిన మాట 650 రూపాయల ముక్క లేక గుటకలు మింగుతుంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

కంపెనీ చెయ్యనంది, నేనే చేస్తాను అనుకున్నాను. చేతిలో ఉద్యోగం ఉంది, కళ్ళజోడు ఉంది, కొంచెం పౌరుషం ఉంది. ముందు జబ్బు ఎక్కడుందో తేల్చాలి. హెడ్‌ఫోన్స్ పెట్టి విన్నాను. అమ్మ గొంతు పాలమీగడలా ఉంది. అంటే లోపల ధ్వని పుట్టే చోట తప్పు లేదు, బయటికి పలికే చోటే తప్పు. సౌండ్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను, మారలేదు. శబ్దాన్ని ఒకసారి పూర్తిగా ఎడమకు, ఒకసారి కుడికి తిప్పి విన్నాను. కుడి బాగుంది. ఎడమలో సన్నని కూతలు పర్లేదు, లావు గొంతు వస్తే బరబర. లావు స్వరం దగ్గరే గరగరలాడితే లోపలి పొర చిరిగిందో, తీగచుట్ట రాసుకుంటోందో అయి ఉంటుంది. ఇంతవరకు పట్టిన సమయం పావుగంట. అయిన ఖర్చు సున్నా. కస్టమర్ కేర్ ఈ మూడు ప్రశ్నలూ పదకొండు రోజుల్లో ఒక్కసారీ అడగలేదు. కొన్నప్పుడిచ్చిన బిల్లు ఫోటో మాత్రం నాలుగుసార్లు అడిగింది.

అబర్డీన్ బజార్ సందులో ఒక తమ్ముడు రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. తాతది నర్సీపట్నం వైపు, తను పుట్టింది ఇక్కడే. మూడు భాషల్లో తిడతాడు, ఒకే భాషలో నవ్వుతాడు.

"స్పీకర్ విడిగా రాదన్నాడేటి కంపెనీవోడు?" అని పెద్దగా నవ్వాడు. "ఎందుకు రాదన్నా, రెండు స్క్రూలు తీస్తే అదే సేతిలోకొస్తాది. ముందు నువ్వు విప్పు. స్పీకర్ ఎనకాల సిన్న స్టిక్కర్ ఉంటాది, దాని మీద పార్ట్ నంబరు ఉంటాది. ఆ నంబరు పెట్టే తెప్పించు. మోడల్ పేరు సూసి తెప్పించకు. ఒకే పేరు పెట్టి నాలుగు రకాలు అమ్ముతాడు ఆడు."

"నువ్వే తెప్పించొచ్చుగా తమ్ముడూ?"

"నాకు అమ్మడన్నా కంపెనీవోడు. నేను ఆడి దృష్టిలో దొంగని. కలకత్తా చాందినీ బజార్లో సచ్చిపోయిన లాప్‌టాప్‌ల్లోంచి పీకి పంపుతారు, అయ్యే ఏస్తాను. శవాల మీద బతుకుతున్నాన్నేను."

గుర్తుంచుకోండి. అసలు భాగం అమ్మని కంపెనీ దొర, చచ్చినదాంట్లోంచి తీసి బతికించే కుర్రాడు దొంగ.

ఇంటికొచ్చి విప్పాను. అడుగున కనబడే స్క్రూలు తొమ్మిది. ఎంత తీసినా మూత రాదు. రబ్బరు కాళ్ళ కింద ఇంకో రెండు దాచారు. లాప్‌టాప్‌లో నిధినిక్షేపాలున్నాయని కాదు, కొన్నవాడు లోపలికి చూడకూడదని. ఇంకొందరు తయారీదారులు ఐదు రేకుల పువ్వులాంటి తలతో స్క్రూలు పెడతారు. మామూలు స్క్రూడ్రైవర్ వాటిని చూసి నమస్కారం పెట్టి వెనక్కి వస్తుంది. పాత ఏటీఎం కార్డు అంచు పెట్టి చుట్టూ మెల్లగా తిప్పితే మూత టకటకమని ఊడింది. లోపల మొట్టమొదట చెయ్యాల్సిన పని బ్యాటరీ తీగను బోర్డు నుంచి లాగెయ్యడం. అది చెయ్యకుండా ఇంకెక్కడ వేలు పెట్టినా స్పీకర్‌తో పోయేది బోర్డుదాకా వస్తుంది. స్క్రూల్లో కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే బోర్డులో దిగుతుంది. అందుకని మా ఆవిడ ఇడ్లీ రేకు తెచ్చి, ఒక్కో గుంటలో ఒక్కో మూల స్క్రూలు వేసుకున్నాను.

"రేపు ఇడ్లీలో స్క్రూ వచ్చిందంటే పుట్టింటికి పోతాను," అంది మా ఆవిడ.

పుట్టిల్లు కూడా మెయిన్‌లాండ్‌లోనే. షిప్ టికెట్ దొరికేదాకా నాకు భయం లేదు.

ఇక స్పీకర్. ఎడమ మూలన ఒకటి, కుడి మూలన ఒకటి, మధ్యలో దారంలాంటి తీగ. రెండేసి స్క్రూలు, అదరకుండా కింద చిన్న రబ్బరు బిళ్ళలు, చివర నాలుగు సూదుల ప్లగ్గు. అంతే. విడిగా రాదన్న మహా రహస్యం స్క్రూడ్రైవర్ రెండు చుట్లు తిప్పేసరికి నా అరచేతిలో ఉంది. భూతద్దం పెట్టి చూస్తే పొర అంచున ఉప్పు తెల్లగా పేరుకుంది. అయస్కాంతం చుట్టూ సన్నని తుప్పు పొడి పట్టుకుంది. మీటరు పెట్టాను. కుడికి నాలుగు ఓమ్‌లు చూపింది, ఎడమకూ నాలుగే చూపింది. మీటరు లెక్కన రెండూ ఆరోగ్యవంతులే. తీగ తెగిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది అది, గొంతు వినదు. మీటరుకు ఉద్యోగం దొరక్కపోతే కస్టమర్ కేర్‌లో చేర్చవచ్చు.

ఇంతకీ ఆ చిన్న ముక్కలో జరిగేదేమిటి? సన్నని రాగి తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం, చుట్టకు అంటించిన పలచని పొర. తీగలో కరెంటు ఎగుడుదిగుడుగా పారితే చుట్ట అయస్కాంతం మధ్య ముందుకూ వెనక్కూ ఊగుతుంది, పొర గాలిని తోస్తుంది, గాలి మన చెవిని తాకుతుంది. చుట్టకూ అయస్కాంతానికీ నడుమ వెంట్రుకంత సందు. ఆ సందులో తుప్పు పొడి దూరిందా, అమ్మ గొంతు కందిపప్పు డబ్బా. ఈ ఏర్పాటును నేటి రూపానికి దగ్గరగా తెచ్చి 1925లో లోకానికి చూపినవారు జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు. అంటే వందేళ్ళ కిందటి పనితనం. దాన్నే ఇప్పుడు నల్ల ప్లాస్టిక్‌లో చుట్టి, 'స్టూడియో శ్రావ్యత' అని పేరు పెట్టి, ఇనప్పెట్టెలో దాచి, తాళం చెవి చెన్నైలో ఉందంటారు.

తుప్పెందుకు పట్టిందంటారా? ఈ దీవులకు రెండు ఋతుపవనాలూ చుట్టాలే. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. మిగతా రోజుల్లో ఉప్పుగాలి. ఉతికిన లుంగీ మూడు రోజులకు ఆరుతుంది, అప్పడం మూడు నిమిషాలకు మెత్తబడుతుంది. లాప్‌టాప్‌తో వచ్చే కాగితంలో మాత్రం తేమ ఫలానా శాతం దాటరాదు, నీరుగా మారరాదు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాతావరణానికి కూడా షరతులు పెట్టిన మహానుభావులు, ఆ కాగితం ఏ పిన్‌కోడ్‌కు పంపుతున్నామో ఒకసారి చూసుకుని ఉండాల్సింది.

పార్ట్ నంబరు దొరికింది. మెయిన్‌లాండ్ వ్యాపారి ఒకాయన జత 650 రూపాయలన్నాడు. డబ్బు కట్టాను. ఇక తపస్సు. మా తపాలా పశ్చిమ బెంగాల్ సర్కిల్ కింద. మా హైకోర్టూ కలకత్తాదే. కాబట్టి నా స్పీకర్లు చెన్నై నుంచి కలకత్తా వెళ్ళి, అక్కడి వంటకాలు రుచి చూసి, ఏదో కారణాన మళ్ళీ చెన్నై వచ్చి, ఇంకోసారి కలకత్తా వెళ్ళాయి. గుప్పెట్లో పట్టే సరుకు నేను చూడని ఊళ్ళు చూసింది.

అది ఊళ్ళు తిరిగినంతకాలం నేను చట్టం చదివాను.

మన దేశానికి 'మరమ్మతు హక్కు' ఉంది. కంగారు పడకండి, ఉన్నది కమిటీ. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ తమ అధికారి నిధి ఖరే అధ్యక్షతన కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు-టాబ్లెట్లు, ఇంటి సామాన్లు, వాహనాలు అని నాలుగు రంగాలు గీసుకుంది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచారు. ఆశగా వెళ్ళాను. కంపెనీ పేరు నొక్కాను. వాళ్ళ కస్టమర్ కేర్ నంబరు కనబడింది. పదకొండు రోజులు నన్ను ఆడించిన నంబరే అది. దొంగ ఇంటికి దారి చూపించమని పోలీసుల్ని అడిగితే దొంగ విజిటింగ్ కార్డు చేతికిచ్చినట్టు.

2024లో ఇంకో కమిటీ వేశారు. మరమ్మతు సూచీ కోసం. ఏ వస్తువు ఎంత తేలిగ్గా విప్పవచ్చు, విడిభాగాలు సకాలంలో దొరుకుతాయా, మామూలు స్క్రూలున్నాయా, పనిముట్లేం కావాలి, ఇలా లెక్కగట్టి మార్కులు వెయ్యాలి. మంచి మాట. 2025 మేలో నివేదిక ఇచ్చారు. అందులో రెండు ముత్యాలున్నాయి. మొదటిది, ముందుగా స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లు. లాప్‌టాప్ తన వంతు వచ్చేదాకా గరగరలాడుతూ ఉండాలి. రెండోది, మార్కులు ఎవరు వేస్తారు? తయారుచేసిన కంపెనీయే. వారిమీద అదనపు భారం పడకూడదట! పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుని, మార్కులు వేసుకుని, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం కూడా తనే పెట్టుకుంటాడు. ఇలాంటి బడి మా చిన్నప్పుడు ఉండి ఉంటే నేను ఈపాటికి ఐఏఎస్.

విడిభాగం 'సకాలంలో' అందాలట. ఎవరి కాలం? ఢిల్లీలో సకాలమంటే సాయంత్రం. హైదరాబాద్‌లో రేపు. మాకు ఎల్లుండి బయల్దేరే షిప్ ఆ పైవారం బయల్దేరితే అది సకాలం.

చెయ్యలేరా అంటే, చేసేవాళ్ళు చేస్తున్నారు. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి లాప్‌టాప్ సహా కొన్ని వస్తువుల ధర పక్కనే పదికి ఎన్ని మార్కులో కొట్లో అతికించమంది. అదే ఏడాది నుంచి ఫ్రేమ్‌వర్క్ అనే అమెరికా కంపెనీ విడిభాగాలన్నీ విడివిడిగా అమ్ముతూ, లాప్‌టాప్ పెట్టెలోనే స్క్రూడ్రైవర్ పెట్టి పంపుతోంది. 'సీలు తీస్తే వారంటీ పోతుంది' అని బెదిరించడం కుదరదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లోనే ఆరు కంపెనీలకు హెచ్చరిక రాసింది. మన దగ్గర ఆ స్టిక్కర్ చూస్తే ఇప్పటికీ దేవుడి రక్షరేకును ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుంటాం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు ఇంకా కమిటీ వేస్తున్నాడు, పూజారి అప్పుడే గుడికి జిగురు పూసి మూసేశాడు.

వాళ్ళ వాదనా విందాం. లాప్‌టాప్ సన్నగా, తేలిగ్గా ఉండాలని మీరే అడిగారు, జిగురు లేకుండా సన్నబడదు అంటారు. అయ్యా, సన్నగా ఉండమన్నాం నిజమే. నోరు విప్పొద్దనలేదు. పైగా మా స్పీకర్‌కు జిగురే లేదు, ఉన్నవి స్క్రూలే. అడ్డుపడింది యంత్రం కాదు, ధరల పట్టిక. పద్నాలుగు వేల ముక్క అమ్ముడుపోయే చోట 650 రూపాయల ముక్క ఎందుకు కనబడనిస్తారు? రెండూ వద్దనుకుంటే మూడో దారి వాళ్ళే చూపించారు. "సర్, ఎక్స్‌ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి సర్." గొంతు పట్టిందని ఆస్పత్రికెళితే పెళ్ళిళ్ళ పేరయ్య ఎదురైనట్టు.

ఆ పాతది ఎటు పోతుంది? ఐక్యరాజ్యసమితి లెక్కలో 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి శుద్ధి చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. మా దీవుల విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు, అందులో 7,171 అడవి కింద నమోదైంది. మిగిలిన కాస్త నేల మీదే ఇళ్ళు, బడులు, ఆస్పత్రులు, పొలాలు, శ్మశానాలు. అందులో మీ ఎక్స్‌ఛేంజ్ ఆఫర్లకు గొయ్యి ఎక్కడ తవ్వమంటారు? చెయ్యి తిరిగిన మెకానిక్కులు అబర్డీన్ బజార్‌లో ఉండగా, రెండు స్క్రూల రోగానికి రెండు కిలోల యంత్రాన్ని చంపి శవాన్ని షిప్ ఎక్కించడం, దాని చోటికి ఇంకో షిప్‌లో కొత్తదాన్ని దించడం! దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'వినియోగదారుడే దేవుడు'. దేవుడికి మనం చేసేదీ అదే కదా, తొమ్మిది రోజులు పూజించి పదో రోజు నీళ్ళలో కలపడం.

నలభై ఒకటో రోజున పోస్ట్‌మాన్ అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్ద ప్యాకెట్ తెచ్చాడు. లోపల స్పీకర్లు ఉన్నాయి, రబ్బరు బిళ్ళలు లేవు. పాతవాటి నుంచి ఊడదీసి కొత్తవాటికి తొడిగాను. అవి లేకుండా బిగిస్తే కొత్త గొంతు కూడా రేకుతో కలిసి అదురుతుంది. తీగను దాని గాడిలోనే నడిపించాను, మూత కింద నలిగితే మళ్ళీ మొదటికి. ప్లగ్గు గుచ్చి, బ్యాటరీ కలిపి, మూత బిగించకముందే ఒకసారి మోగించి చూశాను. తర్వాత ఇడ్లీ రేకులోంచి పదకొండు స్క్రూలూ లెక్కపెట్టి వెనక్కి. మా ఆవిడ కూడా పక్కన నిలబడి లెక్కపెట్టింది, ఆమె కారణం ఆమెది.

అమ్మకు కాల్ చేశాను.

"ఏటిరా, మాటాడవేటి, అలాగ సూస్తన్నావు?" అంది.

"నీ గొంతు వింటున్నానమ్మా," అన్నాను.

"నేను నాడే సెప్పలేదేటి, జబ్బు నీ పెట్టిదేనని?"

మేం అడిగేది పెద్ద వరాలేం కాదు. విడిభాగం నంబరు, ధర పెట్టె మీద అచ్చువెయ్యండి. ఆ భాగాన్ని ఎవరడిగినా, దుకాణం తమ్ముడైనా, నాలాంటి ఇడ్లీ రేకు మెకానిక్ అయినా, అమ్మండి. అమ్మకానికి పనికొచ్చిన పిన్‌కోడ్ సర్వీసుకూ పనికిరావాలని చట్టంలో రాయండి. సూచీలోకి లాప్‌టాప్‌ను తీసుకురండి, మార్కులు మాత్రం కంపెనీ చేతికివ్వకండి.

చదివేవారికి ఒక్క మనవి. ఈసారి కొట్టుకెళ్ళినప్పుడు స్క్రీన్ ఎన్ని అంగుళాలు, బరువెంత అని అడిగాక ఇంకో ప్రశ్న అడగండి. "దీని స్పీకర్ విడిగా దొరుకుతుందా?" అని. అమ్మేవాడు నసిగితే పర్సు మూసెయ్యండి. పదిమంది పర్సు మూస్తే వాళ్ళకు పార్ట్ నంబరు దానంతటదే గుర్తొస్తుంది.

పోతే, లెక్క అప్పజెప్పాలి. స్పీకర్ మార్చడానికి పట్టిన సమయం నలభై నిమిషాలు. మిగిలిన నలభై రోజుల ఇరవైమూడు గంటల ఇరవై నిమిషాలూ 'కుదరదు సర్' అన్న మాటకు పట్టాయి.